బోరు నీళ్ల వాసన నుంచి మూడు కిలోమీటర్ల లోతు దాకా: రాతి లోపలి సూక్ష్మజీవులు ఏం తిని బతుకుతాయి?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు మేముండే అపార్ట్‌మెంట్‌లో పాత బోరు ఎండిపోతే కొత్తది వేయించాం. 1,350 అడుగులు. మొదటి పది రోజులు నీళ్లు బాగానే ఉన్నాయి. తర్వాత ఒక పొద్దున అనంతపురం పెద్దాయన ఒకరు మా తెలుగువాళ్ల గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టారు: "ఏమప్పా, నీళ్లు కుళ్లిన గుడ్డు వాసనొస్తాండాయి. ఎవురికన్నా ఇట్లే ఉండాయా?"

గంటలో నలభై మెసేజ్‌లు. కింద గ్యాస్ తగిలిందని ఒకరు, బోరు బండివాళ్లు కెమికల్ ఏదో పోశారని ఇంకొకరు. ఇంతలో ఎవరో, భూమి లోపల కిలోమీటర్ల లోతున సూక్ష్మజీవులు బతుకుతున్నాయన్న వార్త ఒకటి ఫార్వర్డ్ చేశారు. దాంతో అసలు గందరగోళం మొదలైంది. "అంటే కోట్ల ఏళ్ల నాటి పురుగులు మన సంపులోకి వచ్చాయా?"

వార్త నిజమే, వాసనా నిజమే. రెండిట్లోనూ జరిగే రసాయనం కూడా చాలావరకు ఒకటే. కానీ ఒకదాన్ని ఇంకొకదానికి ముడిపెట్టడంలోనే పొరపాటుంది. ఆ ముడి విప్పాలంటే కింద ఎవరున్నారో, ఏం తింటున్నారో ముందు చూడాలి.

రాయి గట్టిదే, కానీ పగుళ్లుంటాయి

లాల్‌బాగ్‌లో అందరూ ఎక్కి ఫొటోలు దిగే గుట్ట ఉంది కదా, అది సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి. పెనిన్సులార్ నైస్ అంటారు. భారత భూవైజ్ఞానిక సర్వే దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. బెంగళూరు చాలావరకు ఈ జాతి రాయి మీదే కూర్చుంది. ఇసుకలా నీళ్లు పీల్చుకునే గుణం దీనికి లేదు. నీళ్లుండేది పగుళ్లలోనే. అందుకే పక్కపక్క ప్లాట్లలో ఒక బోరులో నీళ్లు పడతాయి, ఇంకోదాంట్లో దుమ్ము లేస్తుంది.

సూక్ష్మజీవులు ఉండేదీ ఆ తడి పగుళ్లలోనే. 'రాతిలో బతకడం' అంటే బండను తొలుచుకుని లోపల దూరడం కాదు, రాయి అంచును తడుపుతూ ఉన్న పల్చటి నీటిపొరలో అతుక్కుని ఉండటం. వీటిలో ప్రధానంగా రెండు జాతులు. బాక్టీరియా మనకు తెలిసినవే. రెండోవి ఆర్కియా: మైక్రోస్కోపులో బాక్టీరియాలాగే కనిపిస్తాయి, వంశం మాత్రం వేరు. గోబర్ గ్యాస్ ప్లాంటులో మంట మండించే మీథేన్‌ను తయారుచేసేది ఈ ఆర్కియాలే. వాటి దాయాదులే కిలోమీటర్ల లోతులోనూ ఉన్నాయి.

'లోతు' ఎక్కడ మొదలవుతుందన్నదానికి ఒకే గీత లేదు. వేర్లు, ఎండ, వాన ప్రభావం దాటిన చోటు నుంచి అని కొందరు, వంద మీటర్ల కింద నుంచి అని కొందరు లెక్కవేస్తారు. ఏ లెక్కన చూసినా మా 1,350 అడుగులు, అంటే 411 మీటర్లు, లోతు కిందకే వస్తుంది. ఇది గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

తిండి అంటే ఇచ్చిపుచ్చుకోవడం

మనం అన్నం తిని గాలి పీలుస్తాం. రసాయనశాస్త్రం ప్రకారం అన్నం ఎలక్ట్రాన్లు ఇచ్చేది, ఆక్సిజన్ వాటిని పుచ్చుకునేది. ఆ చేతులు మారే దారిలో వచ్చే శక్తే మన బతుకు. ప్రాణమున్న దేనికైనా ఈ ఇరుపక్షాలూ కావాల్సిందే. పిల్లనిచ్చేవాళ్లు మాత్రమే ఉండి పుచ్చుకునేవాళ్లు లేకపోతే పెళ్లి కాదు కదా.

లోతుకు పోయేకొద్దీ ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు సూక్ష్మజీవులు వేరే పుచ్చుకునేవాళ్లను వెతుక్కుంటాయి. మామూలుగా వరుస ఇలా ఉంటుంది: ఆక్సిజన్ తర్వాత నైట్రేట్, దాని తర్వాత మాంగనీసు, తుప్పు రూపంలోని ఇనుము, ఆపైన సల్ఫేట్, చిట్టచివర కార్బన్ డయాక్సైడ్. ఎక్కువ శక్తినిచ్చేది ముందు ఖర్చవుతుంది. కింది మెట్ల మీద దొరికేది తక్కువ.

ఎంత తక్కువ? ఇచ్చేది హైడ్రోజన్ అనుకుందాం. ప్రయోగశాల ప్రామాణిక లెక్క ప్రకారం ఒక మోల్ (సుమారు రెండు గ్రాముల) హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో కలిపితే సుమారు 237 కిలోజౌళ్లు వస్తాయి. అదే హైడ్రోజన్‌ను సల్ఫేట్‌కిస్తే 38 చిల్లర, కార్బన్ డయాక్సైడ్‌కిస్తే 33 చిల్లర. కిలోజౌల్‌ను రూపాయి అనుకుంటే, పైన 237 రూపాయల కూలి దొరికే పనికి కింద దొరికేది నలభై లోపే. నిజమైన లోతుల్లో హైడ్రోజన్ పలచగా ఉంటుంది కాబట్టి ఆ నలభై కూడా చేతికి రాదు. లోతు జీవుల నెమ్మదికి, పొదుపుకి మూలం ఇదే.

ఇప్పుడు సల్ఫేట్ మెట్టు దగ్గర ఆగండి. సల్ఫేట్ ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటే మిగిలేది హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు కంటే తక్కువున్నా మన ముక్కు పట్టేస్తుంది.

ఇనుము మెట్టును కళ్లతో చూడొచ్చు. నేను చూశాను. కొత్త బోరు నీళ్లు పొద్దున ఒక తెల్ల బకెట్‌లో పట్టి బాల్కనీలో పెట్టాను. అప్పుడు అడుగు స్పష్టంగా కనిపించింది. మధ్యాహ్నానికి లేత టీ రంగు తిరిగింది. సాయంత్రానికి అడుగున నారింజ రంగు మడ్డి, పైన రంగులు తిరిగే పల్చటి మీగడ. ఆ మీగడను చూసి "డీజిల్ కలిసింది" అంది మా ఆవిడ. పుల్లతో కదిపితే గాజుపలకలా ముక్కలుగా విడిపోయింది. నూనె అయితే అలా విడదు, మళ్లీ కలుసుకుంటుంది. జరిగింది ఇదీ: కింద ఆక్సిజన్ లేని చోట తుప్పు ఇనుము ఎలక్ట్రాన్లు పుచ్చుకుని నీళ్లలో కరిగిపోయింది. కరిగిన ఇనుముకు రంగు లేదు. పైకొచ్చి గాలి తగలగానే మళ్లీ తుప్పుగా మారి అడుగున కూర్చుంది. ఈ తిరుగుప్రయాణాన్ని జీవనాధారం చేసుకున్న బాక్టీరియా కూడా ఉన్నాయి. ఫ్లష్ ట్యాంకు మూత తీస్తే కనిపించే ఎర్రటి జిగురులో చాలాసార్లు వాటి చేయి ఉంటుంది.

సూర్యుడి అప్పు లేని వంటిల్లు

ఇంతవరకు చెప్పినదానిలో ఒక ప్రశ్న దాగి ఉంది. తినడానికి ఇచ్చేదెవరు? పైపొరల్లో అయితే ఆకులు, మురుగు, పూడుకుపోయిన బురద, అంతా ఎప్పుడో ఒకప్పుడు ఎండతో తయారైన తిండే. 3 కిలోమీటర్ల కింద, లక్షల ఏళ్లుగా పైనీటితో సంబంధం తెగిన పగులులో ఏముంటుంది?

దీనికి బాగా తేలిన జవాబు దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో దొరికింది. ఎంపొనెంగ్ గనిలో 2.8 కిలోమీటర్ల లోతున ఒక పగులు నుంచి వచ్చిన నీటిని వడకట్టి అందులోని డీఎన్‌ఏ చదివారు. ఫలితాలు 2008లో వచ్చాయి. 99.9 శాతానికి పైగా ఒకే ఒక బాక్టీరియాది. పేరు నోరు తిరగదు: డీసల్ఫోరూడిస్ ఆడాక్స్‌వయాటర్. రెండో మాటకు లాటిన్‌లో 'సాహస యాత్రికుడు' అని అర్థం. కార్బన్‌ను, నైట్రోజన్‌ను తనకు తానే కూడబెట్టుకోగలదు, కష్టకాలంలో గట్టి గింజలా ముడుచుకోగలదు. 60 డిగ్రీల వేడిలో దాదాపు ఒంటరి సంసారం.

దాని తిండి వచ్చే దారి వింటే ముచ్చటేస్తుంది. రాతిలో యురేనియం కొద్దిగా ఉంటుంది. మామూలు గ్రానైట్‌లోనే టన్నుకు కొన్ని గ్రాములుంటుంది. దాని వికిరణం పగుళ్లలోని నీటి అణువులను చీలుస్తుంది. ఒక పక్క హైడ్రోజన్ పుడుతుంది. ఇంకో పక్క హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఘాటైన పదార్థాలు పుట్టి, రాతిలోని పైరైట్‌ను (ఇనుము, గంధకం కలిసిన, బంగారంలా మెరిసి మోసం చేసే ఖనిజం) సల్ఫేట్‌గా మారుస్తాయి. అంటే ఇచ్చేది హైడ్రోజన్, పుచ్చుకునేది సల్ఫేట్. ఇద్దర్నీ ఒకే పెళ్లిళ్ల పేరయ్య కుదిర్చాడు. ఎండతో పని లేదు.

హైడ్రోజన్‌కు ఇంకో పుట్టిల్లూ ఉంది. ఆలివిన్ అనే ఇనుమున్న ఖనిజానికి నీళ్లు తగిలితే అది సర్పెంటిన్‌గా మారుతూ హైడ్రోజన్ వదులుతుంది. ఒమన్ కొండల్లో, సముద్రం అడుగున ఇది ఇప్పటికీ జరుగుతోంది.

బెంగళూరు నుంచి వంద కిలోమీటర్ల దూరంలోని కోలార్ బంగారు గనులు కూడా ఇలాంటి లోతే, 3.2 కిలోమీటర్లు. చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలు అక్కడ పనిచేశాయి. అడుగున రాయి ఎంత వేడిగా ఉండేదంటే పైనుంచి చల్లబరిచిన గాలిని కిందికి పంపేవారు. 2001లో గనులు మూతపడ్డాక నీళ్లు నిండాయి. మన దేశంలో ఈ లోతు జీవుల అధ్యయనం మాత్రం మహారాష్ట్రలోని కొయ్నాలో జరుగుతోంది. భూకంపాల పరిశోధన కోసం 3 కిలోమీటర్ల దాకా వేసిన బోరు నుంచి వచ్చిన రాతి ముక్కల్లో ఐఐటీ ఖరగ్‌పూర్ శాస్త్రవేత్తలు సూక్ష్మజీవుల ఆనవాళ్లు వెతుకుతున్నారు. అక్కడ దక్కన్ నల్లరాయి కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్.

దొరికినవి అక్కడివేనా, మనం మోసుకెళ్లినవా?

ఈ రంగంలో అన్నిటికంటే పాత గొడవ ఇదే, నాకైతే అన్నిటికంటే ఆసక్తికరమైందీ ఇదే. 1926లో షికాగో విశ్వవిద్యాలయ భూవిజ్ఞాని ఎడ్సన్ బాస్టిన్, చమురు బావుల నీటిలో సల్ఫేట్ తినే బాక్టీరియా ఉందని ప్రకటించారు. చాలామంది కొట్టిపారేశారు. పైపులతో పైనుంచి దిగి ఉంటాయి పొమ్మన్నారు. ఆ అనుమానం తీరడానికి దశాబ్దాలు పట్టింది, అనుమానించినవాళ్లనూ తప్పుపట్టలేం.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. లోతు రాతిలో గ్రాముకు వెయ్యి కణాలున్నాయనుకోండి. బోరు వేసేటప్పుడు వాడే నీటిలో మిల్లీలీటరుకు పది లక్షలున్నాయనుకోండి. ఆ నీటిలో మిల్లీలీటరులో వెయ్యో వంతు, అంటే సూదిమొన మీద నిలిచేంత తడి, రాతి ముక్కలోకి ఇంకితే చాలు, ఇంకో వెయ్యి కణాలు వచ్చి చేరతాయి. మీ ఫలితం రెట్టింపు. సగం అబద్ధం.

అందుకే ఇప్పుడు డ్రిల్లింగ్ నీటిలో ఆనవాలు రసాయనాలు, మెరిసే సన్నటి పూసలు కలుపుతారు. రాతి ముక్క లోపల అవి కనిపిస్తే ఆ ముక్కను పక్కన పెడతారు. పైతొక్క చెక్కేసి నడి గుజ్జునే పరీక్షిస్తారు. గనుల్లో అయితే పగులు నుంచి ధారగా కారే నీటినే పట్టుకుంటారు. ఈ జల్లెడలన్నీ దాటి వచ్చినవాటినే ఇప్పుడు లోతు జీవులుగా ఒప్పుకుంటున్నారు.

ఎన్ని ఉన్నాయి? ఎంత నెమ్మది?

డీప్ కార్బన్ అబ్జర్వేటరీ అనే అంతర్జాతీయ బృందం 2018లో ఒక అంచనా చెప్పింది. భూగర్భ జీవుల్లోని కార్బన్ 1,500 కోట్ల నుంచి 2,300 కోట్ల టన్నులు, అంటే మనుషులందరిలోని కార్బన్‌కు కొన్ని వందల రెట్లు. వార్తల్లో ఈ అంకె బాగా తిరిగింది.

అయితే ఇలాంటి అంకెలను రాతిలా గట్టివనుకోకూడదు, ఉప్పు రాళ్లలా నీళ్లు తగిలితే కరుగుతాయి. సముద్రం అడుగు మట్టిలో 355 పక్కన 28 సున్నాలంత సంఖ్యలో కణాలున్నాయని 1998లో లెక్కగట్టారు. తీరం దగ్గరి, తిండి ఎక్కువగా ఉండే చోట్ల తీసిన నమూనాలే అందులో ఎక్కువ. నడి సముద్రపు నమూనాలు కూడా చేర్చి 2012లో మళ్లీ లెక్కిస్తే 29 పక్కన 28 సున్నాలు వచ్చాయి. పన్నెండో వంతుకు పడిపోయింది. మొత్తం భూగర్భం అంచనాలోనూ తేడాలొస్తూనే ఉంటాయి, ఎందుకంటే మనం పొడిచి చూసిన బోర్లు గుప్పెడే.

నెమ్మది సంగతి మరీ విచిత్రం. మన పేగుల్లోని 'ఈ కోలై' అనే బాక్టీరియా అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. లోతు జీవులు కొన్ని చోట్ల వందల, వేల ఏళ్లకోసారి చీలుతాయని తిండి లభ్యతను బట్టి అంచనా. కెంపేగౌడ 1537లో బెంగళూరుకు పునాది వేసిన కాలంలో చీలిన కణం, మెట్రో లైన్ వేశాక కూడా రెండోసారి చీలడానికి సిద్ధం కాకపోవచ్చన్నమాట.

దీన్ని బతకడం అనాలా, చావకుండా ఉండటం అనాలా? ఇక్కడ రెండు వాదాలున్నాయి. వచ్చే కొద్దిపాటి శక్తి డీఎన్‌ఏ మరమ్మతులకే సరిపోతుందని, ఇవి పాత జనాభా తాలూకు మిగులని కొందరంటారు. తిండి తగిలితే లేచి కూర్చునే సత్తా వీటికి ఉందని ఇంకొందరు. రెండో పక్షానికి 2020లో గట్టి సాక్ష్యం దొరికింది. దక్షిణ పసిఫిక్ అడుగున 10 కోట్ల ఏళ్ల నాటి మట్టిలోని సూక్ష్మజీవులకు జపాన్ శాస్త్రవేత్తలు ఆహారం అందిస్తే అవి తిని, పెరిగాయి. దీంతో మొదటి వాదం తప్పని తేలలేదు. ఆకలితో ముడుచుకుని ఉండటం, పిలిస్తే లేవడం రెండూ ఒకే ప్రాణిలో ఉండొచ్చు.

కింది హద్దు ఎక్కడ? ముఖ్యంగా వేడి తేలుస్తుంది. ఇప్పటిదాకా ప్రయోగశాలలో అత్యధిక వేడిలో పెరిగింది మీథేన్ చేసే ఒక ఆర్కియా, 122 డిగ్రీల దగ్గర. కిలోమీటరుకు 25 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుందనుకుంటే, 25 డిగ్రీల నేల నుంచి దాదాపు నాలుగు కిలోమీటర్లకు ఆ హద్దు వస్తుంది. మన దక్షిణాది పాత రాయిలాంటి చోట్ల వేడి నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి హద్దు ఇంకా కిందికి జరుగుతుంది.

థామస్ గోల్డ్ ప్రస్తావన లేకుండా ఈ కథ పూర్తికాదు. 1992లో ఈ ఖగోళ శాస్త్రవేత్త, భూమి లోపల పైనున్నంత జీవరాశి ఉండొచ్చని రాశారు. పెట్రోలియం కూడా జీవుల అవశేషం కాదని, భూమి పుట్టుకతోనే లోపల చిక్కుకున్నదని, లోతు జీవులు దాన్నే తింటాయని ఆయన వాదం. పెట్రోలియం వాదాన్ని భూవిజ్ఞానులు దాదాపు ఎవరూ ఒప్పుకోరు. జీవరాశి మాట మాత్రం చాలావరకు నిలబడింది. ఒకే కాగితం మీద సగం తప్పు, సగం దూరదృష్టి.

ఈ రసాయనం మన కంచం దాకా వస్తుంది

పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ బోరు నీళ్లలో ఆర్సెనిక్ విషం ఎవరో కలిపింది కాదు. అది మట్టిలోని తుప్పు ఇనుముకు అతుక్కుని ఉంటుంది. బురదలోని కుళ్లు తిని ఇనుముకు ఎలక్ట్రాన్లిచ్చే బాక్టీరియా ఆ తుప్పును కరిగిస్తే, అతుక్కున్న ఆర్సెనిక్ నీళ్లలో పడుతుంది. నా బకెట్‌లో జరిగిందానికి తొలి సగం ఇదే. మన రాతిలో ఆ జబ్బు అంతగా లేదు, మన తలనొప్పి ఫ్లోరైడ్, నైట్రేట్, కొన్ని తాలూకాల్లో యురేనియం. యురేనియం విషయంలో ఇదే తరహా బాక్టీరియా మేలు చేస్తుంది. నీళ్లలో కరిగే యురేనియానికి ఎలక్ట్రాన్లిచ్చి కరగని రూపంలోకి మార్చి కింద కూర్చోబెడుతుంది. మంచీ చెడూ వాటికి తెలియవు, బేరం కుదిరితే చాలు.

హైడ్రోజన్‌ను భూమి లోపల నిల్వ చేద్దామన్న ఆలోచన ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. అక్కడా ఈ ప్రాణులను లెక్కలోకి తీసుకోవాలి. చెక్ దేశంలోని లొబొదిట్సేలో, హైడ్రోజన్ ఎక్కువగా ఉండే వంటగ్యాస్‌ను భూగర్భంలో దాస్తే, కొన్ని నెలల్లో హైడ్రోజన్ తగ్గి మీథేన్ పెరిగింది. గోబర్ గ్యాస్ దాయాదులు తినేశాయి. నష్టమేనని కొందరు, కార్బన్ డయాక్సైడ్‌ను ఇలాగే మీథేన్‌గా మార్చుకోవచ్చు కదా అని కొందరు.

మళ్లీ మా బోరు దగ్గరికి

మా నీళ్ల శాంపిల్ ల్యాబ్‌కు పంపితే రిపోర్టులో ఈ కోలై ఉందని వచ్చింది. అది పేగుల్లో పుట్టే బాక్టీరియా, 411 మీటర్ల రాతిలో కాపురం పెట్టేది కాదు. నైట్రేట్ దాదాపు లేదు. ఈ రెండూ కలిపి చదవండి: మురుగు లోపలికి దిగుతోంది, కావలసినంత తిండి ఉంది, ఆక్సిజన్ అయిపోయింది, నైట్రేటూ అయిపోయింది, ఇప్పుడు సల్ఫేట్ మెట్టు నడుస్తోంది. బోరు లోతుగా ఉన్నంత మాత్రాన దాంట్లోని జీవులు లోతువి కావు. మన వైపు కేసింగ్ పైపు గట్టి రాయి తగిలేదాకానే దించుతారు, ఆ కిందంతా పైపు లేని ఉత్త రంధ్రమే. కేసింగ్ అడుగున సరిగా కూర్చోకపోతే పైనీళ్లు నేరుగా లోపలికి జారతాయి. 1,350 అడుగుల బావికి 60 అడుగుల దగ్గరి కన్నం చాలు.

అసోసియేషన్‌వాళ్లు క్లోరిన్ పోయించారు. మూడు వారాలు వాసన లేదు. నాలుగో వారం మళ్లీ మొదలైంది. మోటారు పైకి తీయిస్తే ప్లంబర్ పైపును గోరుతో గీకి చూపించాడు, నల్లటి జిగురు. సల్ఫైడ్ ఇనుముతో కలిస్తే వచ్చే రంగు అది. ఆ జిగురు పొరల మధ్య ఉన్నవాటికి క్లోరిన్ అందలేదు.

బోరుకు ఇరవై అడుగుల దూరంలో పాత సెప్టిక్ ట్యాంకు ఉంది. దాని కొలతల కాగితం కోసం ఇప్పుడు అందరం వెతుకుతున్నాం.